దోమతెరల షాపుకి లీడ్లు వెతికిన కాలం

వ్యాపారం గురించి నాకు తెలియనివి చాలా ఉన్నాయని మా ఆవిడకు పెళ్లయిన కొత్తలోనే తెలిసిపోయింది. నాకు తెలియడానికి యాభై రెండేళ్లు పట్టింది. అదీ రెండు రోజుల ఆన్‌లైన్ క్లాసు విన్నాక కాదు, ఆ విన్నదాన్ని షాపు మీద ప్రయోగించాక.

బెజవాడలో నాకు దోమతెరల షాపు ఉంది. కిటికీలకీ తలుపులకీ అల్యూమినియం ఫ్రేములో సన్నటి మెష్ బిగించి ఇస్తాం. ఊరి మధ్య నుంచి కాలవలు పారుతున్నంత కాలం దోమలకు లోటుండదు, దోమలున్నంత కాలం నాకు లోటుండదు అనుకుని పెట్టిన షాపు. బిగించి ఇస్తాం అన్నానే గానీ, బిగించేది మా మేస్త్రి. ఆయన రోజూ ఇబ్రహీంపట్నం నుంచి మోపెడ్ మీద వచ్చేవారు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ని, ఆయన నన్ను సార్ అనేవారు. పద్నాలుగేళ్లలో ఆయన కొలత తప్పగా నేను చూడలేదు. నేను టేపు పట్టుకుంటే మాత్రం కిటికీ ఒకటి చెప్పేది, నా కాగితం ఇంకొకటి చెప్పేది.

కిందటేడు ఎండాకాలంలో ఎవరో ఫోన్లో పంపిన లింకు నొక్కి, చిన్న వ్యాపారాలకు లీడ్లు తెచ్చుకోవడం ఎలా అనే క్లాసులో చేరాను. మన సరుకు మీద ఆసక్తి ఉందని పేరూ ఫోన్ నంబరూ ఇచ్చిన మనిషిని లీడ్ అంటారట. అంతవరకూ మనుషులనే పిలిచేవాణ్ని, ఆ రోజు నుంచి లీడ్లు అనడం మొదలుపెట్టాను. క్లాసు అయిపోయాక సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. దానికి భాయ్ మిగిలిపోయిన అల్యూమినియం ముక్కలతో ఫ్రేము కట్టి, చుట్టూ సందులు మూసే రబ్బరు బీడింగ్ కూడా వేసి ఇచ్చారు. దోమ దూరడానికి వీల్లేని సర్టిఫికెట్ ఈ జిల్లాలో నాదొక్కటే అయ్యుంటుంది.

ఆ క్లాసులో ఇంకో మాట కూడా చెప్పారు. పనివాళ్ల సమయం ఎక్కడ వృథా అవుతోందో చూసుకోమన్నారు. చూసుకున్నాను. భాయ్‌కి ఒక అలవాటు ఉండేది. మెష్ బిగించడం మధ్యాహ్నం మూడింటికే అయిపోయినా వెంటనే వచ్చేవారు కాదు. దీపాలు పెట్టే వేళ దాకా ఆ ఇంట్లోనే ఉండేవారు. చీకటి పడగానే గదిలో లైటు వేయించి, ప్రతి కిటికీ దగ్గరా నిలబడి, పురుగు ఎక్కడైనా లోపలికి దూరుతోందా అని మూలమూలా చూసుకునేవారు. ఈలోగా ఇంటివాళ్లు టీ ఇచ్చేవాళ్లు. నమాజు వేళయితే కొందరు వరండాలో ఉతికిన దుప్పటి పరిచేవాళ్లు. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూసి, ఏంటి మేస్త్రిగారూ ఇంకా కూర్చున్నారు అని పలకరించేవాళ్లు. అన్నీ కలిపితే ఇంటికి మూడు నాలుగు గంటలు. ఇంత ఘోరమైన వృథాను పద్నాలుగేళ్లు కళ్లెదురుగా పెట్టుకుని చూడలేకపోయానే అని నన్ను నేను తిట్టుకున్నాను.

"భాయ్, ఇకనుంచి బిగించగానే వచ్చేయండి. లీకేజీ ఏమన్నా ఉంటే వాళ్లే ఫోన్ చేస్తారు," అన్నాను.

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకుని, "అట్లాగేనండి సార్," అన్నారు.

రెండు నెలలు తిరిగేసరికి ఆర్డర్లు సగానికి పడిపోయాయి. నేను మార్కెట్‌ని తిట్టాను, దోమల బ్యాట్లు అమ్మేవాళ్లని తిట్టాను, చివరికి దోమల్ని కూడా తిట్టాను. తిట్టనివాణ్ని ఒక్కణ్నే మిగిల్చాను. అప్పుడే ఒక సాయంత్రం షట్టర్ దించుతూ భాయ్ చెప్పారు.

"వినాయక చవితి వెళ్లాక నేను మానేస్తానండి సార్. గన్నవరం వైపు కిటికీల ఫ్యాక్టరీ వాళ్లు రమ్మంటన్నారు."

ఆయన లేకపోతే షాపు లేదు. ఎందుకు మానేస్తున్నారని మాత్రం అడగలేదు. కారణం నాకు తెలుసనుకున్నాను. పని లేక వెళ్లిపోతున్నారు, పని తెచ్చి చూపిస్తే ఉంటారు, పని తేవడానికి నా దగ్గర సర్టిఫికెట్ ఉంది. చవితికి ఇంకా రెండు నెలల పైచిలుకు టైముంది.

ఫేస్‌బుక్‌లో యాడ్ పెట్టాను. దోమతెరలు కావలసినవాళ్లు పేరు, ఊరు, నంబరు నింపితే చాలు, మేమే ఫోన్ చేస్తాం. మొదటి రోజు ఒక్కరూ నింపలేదు. బోణీ కాలేదన్న దిగులుతో నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, దాన్ని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, అందరూ ఒక చెయ్యి వేయండి అని రాశాను. మావాళ్లు ఇలాంటి విషయాల్లో వెనక్కి తగ్గరు. పెళ్లిలో చదివింపులు చదివించినట్టు వరసపెట్టి ఫారాలు నింపారు. తెల్లారేసరికి నా ఫోన్ నిండా లీడ్లు. పేర్లు కూడా సరిగా చూడకుండా మా ఆవిడకు చూపించి, "చూశావా, మన పరిధి ఎంత పెరిగిందో!" అన్నాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, "మా పెద్దక్క కూడా మన పరిధిలోకి వచ్చిందండీ," అంది.

లీడ్ వచ్చిన గంటలోపు ఫోన్ చేయాలని క్లాసులో చెప్పారు కాబట్టి అందరికీ చేశాను. మైలవరంలో మా బాబాయి మూడు ఫారాలు నింపాడు, ఒకటి తన పేరున, ఒకటి పిన్ని పేరున, ఒకటి వాళ్ల వియ్యంకుడి పేరున.

"బాబాయ్, మీ ఇంటికి మేమే కదా వేసింది నాలుగేళ్ల కింద?" అన్నాను.

"అవున్రా, బ్రహ్మాండంగా ఉన్నాయి. మనోడు పెట్టినప్పుడు నింపకపోతే ఏం బావుంటదిరా? అది సరే గానీ, నువ్వు మామిడికాయలకి రాలేదేంటి?"

మామిడికాయల మీద ఇరవై నిమిషాలు నడిచింది. అలా వారం రోజులు నేను చుట్టాలందరి క్షేమసమాచారాలూ కనుక్కున్నాను. ఎవరి మోకాళ్లు ఎలా ఉన్నాయో ఇప్పటికీ చెప్పగలను. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మా చుట్టాల్ని చూసి, ఫారం నింపి ఊరుకునేవాళ్లే నాకు కావాలని ఫేస్‌బుక్ అర్థం చేసుకున్నట్టుంది. అలాంటివాళ్లనే ఎక్కడెక్కడి నుంచో ఏరి తెచ్చింది. ఒకాయన, ఊరికే నొక్కానండీ, ఏమొస్తుందో చూద్దామని, అన్నాడు. ఏమొచ్చిందండీ అని అడిగాను. మీరొచ్చారు అన్నాడు.

శ్రావణంలో ఒక నిజమైన లీడ్ తగిలింది. పామర్రు నుంచి ఒక రిటైర్డు టీచరుగారు. నేను ఫోన్ చేసి ఉపన్యాసం మొదలుపెట్టబోతే ఆవిడే అడ్డుపడ్డారు.

"అవన్నీ ఎందుకు లెండి. మా చెల్లెలింట్లో మీ షాపువాళ్లే వేశారంట. దీపాలు పెట్టేదాకా కూర్చుని, లైటేసి చూసుకుని మరీ వెళ్లారంట ఒక పెద్దాయన. ఆయన ఇంకా మీ దగ్గరే ఉన్నారా? ఆయనొస్తానంటేనే రండి. దాని దగ్గర మీ నంబరు పోయిందంటే, ఫోన్లో వెతుకుతుంటే ఈ ఫారం కనపడింది."

ఫోన్ పెట్టేసి, యాడ్ పనిచేసింది అని గట్టిగా అరిచాను. మా ఆవిడ వంటింట్లోంచే అంది, "యాడ్ ఏం పనిచేసిందండీ? ఆవిడ నంబరు వెతుక్కుంది. పనిచేసింది మీ భాయ్."

పద్నాలుగేళ్లుగా వచ్చిన ఆర్డర్లు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఒక ఇంటికి వేస్తే ఎదురింటివాళ్లు, ఎదురింటికి వేస్తే వాళ్ల మేడ మీదివాళ్లు. అందరూ గోడ మీంచి తొంగిచూసి, ఇంకా కూర్చున్నారేంటని అడిగినవాళ్లే. పిల్లాణ్ని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినవాడు నాకంటే నయం. వాడు కనీసం పిల్లాణ్ని కింద పడేయలేదు.

పామర్రుకు నేనూ వెళ్లాను. నాట్లు పడిన చేలు ఇంటి గోడ దాకా ఉన్నాయి, దోమలు మధ్యాహ్నం నుంచే కాపు కాశాయి. నాలుగింటికల్లా బిగించడం అయిపోయింది. భాయ్ సామాను సర్దుతున్నారు. "కూర్చుందాం భాయ్, చూసుకునే వెళ్దాం," అన్నాను. ఆయన సంచి కింద పెట్టారు.

చీకటి పడ్డాక లైటు వేశాం. మెష్ మీద పురుగులు టపటపా కొట్టుకుంటున్నాయి. వెనక గది కిటికీ మూలలో, నా కంటికి ఆనని సందులోంచి ఒక చిన్న పురుగు లోపలికి వచ్చింది. భాయ్ చతికిలబడి, బీడింగ్ ఊడదీసి, మళ్లీ వేళ్లతో నొక్కుకుంటూ వచ్చారు. ఈలోగా అటూ ఇటూ పక్కిళ్లవాళ్లు ఇద్దరు వచ్చి, మా ఇంటికి కూడా కొలతలు తీసుకోండని అడిగారు. నా సంతోషం పట్టలేక అక్కడే అనేశాను.

"చూశారా భాయ్, ఇక పనికి లోటు లేదు. ఎలాగూ ఉండిపోతారుగా?"

ఆయన కిటికీ వైపే చూస్తూ చెప్పారు. "పని లేదని ఎప్పుడన్నానండి సార్? చేసింది చూసుకోకుండా వచ్చేయమన్నారు మీరు. ఇంటికెళ్లి పడుకుంటే ఆళ్ల కిటికీలే కళ్ల ముందు. ఎక్కడ దూరతన్నాయో, పసిపిల్లల్ని ఎక్కడ కుడతన్నాయోనని. నాకు నిద్ర పట్టేది కాదు."

"చెప్పొచ్చు కదా భాయ్."

"మీరు అడగలేదు కదండి."

తప్పయిపోయింది, ఉండిపొమ్మని అడిగాను. బతిమాలాను కూడా. ఆయన లేచి చేతులు తుడుచుకుని, "ఫ్యాక్టరీవాళ్లకి మాటిచ్చేశానండి. మీకిచ్చిన మాటైతే తప్పేవాణ్నా?" అన్నారు. ఆ ఇద్దరి ఇళ్లకీ దీపాలు పెట్టేదాకా కూర్చుని మరీ బిగించి, చవితి వెళ్లిన మర్నాడు మానేశారు.

షాపు మూతపడలేదు. ఇప్పుడు వేరే మేస్త్రి ఉన్నాడు, మెష్ బిగించి మధ్యాహ్నం వెళ్లిపోతాడు. సాయంత్రం దాకా కూర్చునేది నేను. యాడ్ ఆపేశాను, టేపు పట్టడం కొంచెం వచ్చింది. ఏ ఇంటికి వెళ్లినా ఎవరో ఒకరు, ఆ పెద్దాయన రాలేదేమండీ అని అడుగుతారు. మంచి ఉద్యోగం వస్తే వెళ్లారండీ అని చెప్పేవాణ్ని. అందరూ సంతోషించేవాళ్లు.

కిందటి వారం ఒక ఇల్లాలు అదే మాట అడిగింది. ఎందుకో ఆ జవాబు నోటికి రాలేదు.

"నా దగ్గర ఉండలేక వెళ్లిపోయారమ్మా," అన్నాను.