గలీజు తీసేసిన మనిషి

తిరుపతిలో రైల్వే స్టేషన్ ఎదురు సందులో, పాత క్యాసెట్లను కొత్త పాటల్లా వినిపించేలా చేసే ఒకాయన ఉండేవాడు. పని మొదలుపెట్టే ముందు హెడ్‌ఫోన్స్‌ను తుండుతో మూడుసార్లు తుడిచేవాడు. అంత శుభ్రం!

పోయిన మా నాయన ఇంట్లో పాడుకున్న భజనల క్యాసెట్ ఇచ్చాను. వారానికి పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు.

"గలీజంతా తీసేసినా సార్. యనకాల యవరో ఆడమనిషి గొంతు కలుపుతా ఉండె, అదీ లేకుండా చేసినా."

"అది మా అమ్మప్పా! ఆమె గొంతు ఇంగ యాడా లేదు. క్యాసెట్ యాడ?"

"బూజు పట్టింటే పారేసినా సార్."

గొప్ప పనిమంతుడు. వంటింట్లోంచి పాడే అమ్మను "నోరు మూయి" అని కసిరి కసిరి నాయన జీవితమంతా ఓడిపోయాడు. ఈయన వారంలో గెలిచాడు.