యాదగిరి చావు కేక

రిటైరయ్యే ముందు ఏడాది ఎండాకాలంలో ఆబిడ్స్‌లోని మా స్టూడియోకి ఒక విదేశీ సూపర్‌హీరో సీరియల్ తెలుగు డబ్బింగు వచ్చింది. డబ్బింగ్ ఇన్‌ఛార్జిని నేను. ఏ పాత్రకు ఏ గొంతు పెట్టాలి, ఏ మాట పెదవుల కదలికకు సరిపోతుంది, అంతా నా పూచీ. అందులో ఒక ఎపిసోడ్‌లో, పాత కామిక్ పుస్తకాల్లో కనిపించి జనం ఎప్పుడో మరిచిపోయిన అనుచరులను మళ్ళీ బతికించి తెచ్చారు. తెచ్చింది చంపడానికేనని చివర్లో గానీ తెలియదు. చూస్తే నాకు ఒళ్ళు మండింది.

వాళ్ళలో పెద్దవాడికి మా పాత డబ్బింగ్ ఆర్టిస్టు యాదగిరి గొంతు అనుకున్నాను. నాంపల్లిలో కిరాయికి ఉండేవాడు. మా దగ్గర సర్వీసంతా హీరో పక్కన నిలబడేవాళ్ళకే డబ్బింగ్ చెప్పాడు. "పదండి", "జాగ్రత్త", "వాళ్ళొస్తున్నారు". అంతకు మించి మాట దొరకలేదు, పాపం. ఈసారి ఆ అనుచరుడు హీరోను నిలదీస్తాడు, ఇన్నాళ్ళూ మేము గుర్తుకు రాలేదా అని. పెద్ద డైలాగు.

ఫోన్ చేయగానే వచ్చాడు. తలుపు వేసి విషయం చెప్పాడు. గొంతులో పుండు ముదిరింది. స్వరపేటిక తీసెయ్యాలని దవాఖానలో చెప్పారట, ఆ వారమే ఆపరేషన్. ఇంకొకరిని పిలుస్తానన్నాను.

"వద్దు మేడం. నా గొంతుకు గిదే ఆఖరి పని. జర చెప్పనియ్యుండ్రి," అన్నాడు.

మా పనిలో అరుపులూ చావు కేకలూ చివరికి పెడతాం. ముందే అరిస్తే గొంతు చీరుకుపోయి మిగతా మాటలు చెడిపోతాయి. అయినా ఏది ముందు కావాలని యాదగిరినే అడిగాను. మాటలే ముందన్నాడు. ఆ పెద్ద డైలాగు ఒక్క టేకులో చెప్పేశాడు. గొంతు బొంగురుపోయిన మాట నిజమే కానీ, చచ్చి లేచొచ్చినవాడు అలాగే మాట్లాడతాడు. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత కేక. నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించినా అంతే. ఇంకెవరి అరుపైనా అతికిద్దామని మా సౌండ్ ఇంజనీరు నాతో అన్నది ఆయన చెవిన పడింది.

"సచ్చేది నేనైతే ఒర్రేది ఇంకొకడా?" అన్నాడు, గుసగుసగా.

ఆ గాలినే ఉంచి పంపాను. ఛానెల్‌లో నాణ్యత చూసేవాళ్ళు అరుపు రాలేదని తప్పు పట్టి తిప్పి పంపారు. వెళ్ళి వాదించాను, వినలేదు. అప్పటికి యాదగిరి ఆపరేషన్ అయిపోయింది. చివరికి ఇంకో ఆర్టిస్టు చేత అరిపించి, కాస్త బొంగురు కలిపి, అతుకు తెలియకుండా కూర్చాం.

ప్రసారమైన రోజు వాళ్ళింటికి వెళ్ళాను. టీవీ ముందు యాదగిరి, ఆయన భార్య కూర్చున్నారు. ఆయన మెడకు కట్టుంది. డైలాగు నడిచినంతసేపూ ఆమె మామూలుగా చూసింది. జబ్బు పడ్డ గొంతు ఆమెకు కొత్త కాదు. కేక రాగానే కొంగుతో కళ్ళొత్తుకుంది.

"గిది మా ఆయన గొంతు. పానం మంచిగున్నప్పుడు గిట్లనే ఒర్రుతుండె," అంది నాతో.

యాదగిరి నా వంక చూశాడు. ఆ తర్వాత ఆమె వైపు తిరిగి, అవునన్నట్టు తలూపాడు. నేనూ ఔనమ్మా అన్నాను.

అతుకు సరిగ్గా కుదిరితే ఎవరి గొంతో ఇంట్లోవాళ్ళు కూడా పోల్చుకోలేరు. మా వృత్తిలో దాన్నే పనితనం అంటారు. ఉద్యోగంలో మిగిలిన కొద్ది నెలల్లో ఆ పని నేర్పమని కొత్తవాళ్ళు అడిగారు. నేను నేర్పలేదు.