ఏ ఒడ్డుకు అంటితే ఆ ఒడ్డుదే

మనవరాలు సముద్రం చూసి వచ్చిన మర్నాడు ఆమె సంచి దులిపితే గుప్పెడు ఇసుక రాలింది. పారెయ్యడానికి చేతులు రాలేదు. గిన్నెలు తోమడానికి పనికొస్తుందని చేటలోకి ఎత్తుతుంటే ఉప్పు వాసన, దాని వెనకే తడి వాసన. కెరటాలు ఏటవాలుగా వచ్చి తగులుతూ ఇసుకను ఒడ్డు వెంబడి నెడతాయట, ఒడ్డు వంపు తిరిగిన చోట అది నీళ్లలోకి నాలుకలా సాగుతుందట, తుఫాను వస్తే తెగుతుందట. మనవరాలు ఫోన్లో ఫొటో చూపించి చెప్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. "గిది నాకెరుకే పిల్లా! మా వాగుల గూడ గిట్లనే లేస్తుండె" అన్నాను.

మాది మోత్కూర్ దగ్గర వాగు ఒడ్డు ఊరు. అక్కడ వాగు వంపు తిరిగేది. అవతలి గట్టును ఉరవడిగా కోసే నీళ్లు మా వైపుకొచ్చేసరికి నెమ్మదించి, మోసుకొచ్చిన ఇసుకను దించేవి. వానలప్పుడు ఎర్రనీళ్ల కింద ఏం జరుగుతోందో కనబడదు. సద్దుల బతుకమ్మ నాటి మలీద ముద్దలు తిన్న తీపి చేతులతోనే ఒడ్డుకు ఉరికి చూసేవాళ్లం: నీళ్లు తేటపడుతుంటే ముందు చీర కుచ్చిళ్లలాంటి గీతలు, తర్వాత ఎద్దు వీపంత, ఆ తర్వాత కల్లమంత, ఇసుక మేట పైకి తేలేది. నిన్న లేని నేల! దాని మీద మొదటి అడుగు నాదంటే నాదని జుట్లు పట్టుకునేవాళ్లం.

మేటకు పట్టా లేదు. ఏ ఒడ్డుకు అంటితే ఆ ఏడు ఆ ఒడ్డువాళ్లే అందులో కర్బూజ పెట్టాలి. అనుమానమొస్తే రెండు ఒడ్ల నుంచీ చెరొక పిల్లను నడిపించేవాళ్లు. ఎవరి పాదం నీళ్లు తగలకుండా మేట ఎక్కితే వాళ్లది.

ఎప్పుడూ మాకే అంటుతుందన్న ధీమాతో ఆ ఏడు మా బాపు ఉన్న గింజంతా ముందే నానబెట్టి, బట్టలో మూటకట్టి, వెచ్చగా పెంటకుప్పలో దాచాడు. ఆయన తల్లి, మా అవ్వ, నెత్తి కొట్టుకుంది.

"మేట తేలకముందే గింజ నానేస్తవా? మొలకొస్తే నీ నెత్తి మీద పెడ్తవారా?"

పెద్ద వరద వచ్చింది. మేట తేలింది కానీ, దాన్ని మా ఒడ్డుకు కలిపే మెడ తెగి. కొస మాత్రం అవతలి ఒడ్డు వైపు సాగింది. అక్కడి మల్లవ్వ నడుముకు కొంగు చుట్టి కేకేసింది.

"ఏం వదినె, మీ మేటకు రెక్కలొచ్చినయా? మా దిక్కొచ్చి కూసున్నది!"

"ఇంక యాడ అంటిందే? మధ్యల నీళ్లు కండ్లవడ్తలేవా?" అంది అవ్వ.

నిజమే, రెండు వైపులా పాయలున్నాయి, రోజురోజుకూ సన్నబడుతున్నాయి. అంచున ఇసుక రేణువులు చీమల బారులా దొర్లుతూ పాయను పూడ్చడం బోర్లా పడుకుని చూసేదాన్ని. ఇంట్లో మూటలో మొలకలు వచ్చేశాయి. ఇక ఆగవు.

నడిచే రోజు మా వైపు నుంచి నేను, అటు నుంచి మల్లవ్వ కూతురు. ఒడ్లు రెండూ ఒకటే అరుపులు.

"దుంకద్దు పోరీ, నడువాలె!" అవతలి నుంచి మల్లవ్వ.

అడుగులో అడుగేసుకుంటూ నడిచాను. ఆఖరి అడుగులో మడమ దిగబడి చల్లటి నీళ్లు కమ్మాయి. అప్పటికే ఆ పిల్ల పొడి పాదాలతో మేట మీద గంతులేస్తోంది.

బాపు కూలబడ్డాడు. అవ్వ మాత్రం మూట తీసుకుని పాయ దాటి, మల్లవ్వ ముందు విప్పింది. తెల్లటి మొలకలు.

"మేట నీదే. మరి నీ గింజ నానిందా?"

"యాడ నాని? ఇంక కుండలనే ఉన్నది."

"అది మొలిచేటాల్లకు అదను పోతది. గింజ నాది, ఇసుక నీది, కాయ చెరి సగం."

"పెద్దకాయలన్ని నువ్వే ఏరుకుంటవ్!"

"నువ్వే ఏరుకో తల్లీ! మొలక ఎండుతాంది, జల్ది చెప్పు."

మల్లవ్వ పకపకా నవ్వి పార అందుకుంది. పొద్దుగూకే లోపల రెండు ఒడ్ల వాళ్లం కలిసి గుంతలు తవ్వి, ఎరువు పోసి, మొలకలు పెట్టాం. శివరాత్రి నాటికి గాలి అటు వీచినా ఇటు వీచినా కర్బూజ వాసనే. తొక్కలు బర్రెలకు, గింజలు కడిగి వచ్చే ఏడాది విత్తనానికి. ఏదీ పారేయనిచ్చేది కాదు అవ్వ.

తెలంగాణ వచ్చాక మా వాగుకు చెక్‌డ్యాం కట్టారు. బోర్లలో నీళ్లున్నాయి, వరి పండుతోంది, కాదనను. కానీ నిలిచిన నీళ్లు ఇసుకను మోయవు. డ్యాం దిగువన మిగిలిన ఇసుకను లారీలు ఎత్తుకుపోతే బండలు తేలాయి. కర్బూజలు అంగట్లోకి ఎక్కడి నుంచో దిగుతున్నాయి. అవతలి ఒడ్డున ఎవరుంటారని అడిగితే మా ఇంటి పిల్లలకు తెలియదు. వాళ్లతో కొట్లాడటానికి ఏమీ మిగల్లేదు.