తమ్ముడు అడిగిన నల్ల సైకిలు

నేను పాఠాలు చెప్పే బడి విస్సన్నపేట రోడ్డులో ఉంది. ఈ ఏడాది పొద్దుటి బస్సు తీసేశారు. షేర్ ఆటోలో సగం ఒళ్లు బయటపెట్టి వేలాడే వయసు దాటింది, స్కూటీ కొనే స్తోమత లేదు. ఇక మిగిలింది సైకిలే. ఆ మాట ఇంట్లో ఎత్తడానికి నోరు రాలేదు. మా ఇంట్లో సైకిలంటే మా తమ్ముడి చావు.

వాడు అదే రోడ్డులో మామిడికాయల యార్డులో పనిచేసేవాడు. సీజన్లో కుళ్లిన కాయల్ని యార్డుల వాళ్లు రోడ్డు వారన పారబోస్తారు. లారీలు తొక్కి తారు మీద గుజ్జు పూస్తాయి. దానిమీద తొలకరి జల్లు పడితే నడిచే మనిషే జారతాడు, సన్న టైర్ల గేరు సైకిలు ఆగుతుందా? వాడు జారి లారీ కింద పడ్డాడు.

"వాడే పట్టుబట్టి ఆ సైకిలు కొనుక్కున్నాడమ్మా" అని ఆ రోజు ఏడుస్తూ అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. అప్పటినుంచి అమ్మ సాయంత్రం ప్రార్థనలో ఒక మాట చేరింది: "ప్రభువా, నా బిడ్డ మొండితనాన్ని క్షమించు." అది విన్నప్పుడల్లా కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంటాను. రోడ్డు మీద నడుస్తుంటే వెనక సైకిలు ఫ్రీవీలు టికటికమంటుంది. దారిచ్చి పక్కకు జరుగుతాను. ఎవరూ దాటి వెళ్లరు.

నూజివీడులో సైకిలు కొట్లకు కరువు లేదు. అయినా కాళ్లు తమ్ముడి సైకిలు కొన్న ఆ పాత కొట్టుకే తీసుకెళ్లాయి. కొట్టాయన సన్న టైర్ల సైకిలే ముందుకు తోశాడు.

"ఆఫర్లో ఉందండీ మేడమ్. తేలిగ్గా పోద్ది."

టైరును బొటనవేలితో నొక్కి చూశాను. "యార్డుల దగ్గర ఇది ఆగుద్దా అండీ?"

"ఆ రోడ్డుకైతే నల్ల సైకిలేనండీ. బరువే గానీ పట్టు ఉంటది. రేటూ తక్కువే. కాకపోతే మగాళ్లది, అడ్డ కడ్డీ ఉంటది."

"చుడీదార్ వేసుకుంటాలెండి."

ఆయన నన్ను తేరిపార చూశాడు. "అప్పట్లో మీ తమ్ముడూ ఇదే కావాలన్నాడు కదండీ! పాలవాడిలా ఉంటావని మీరే నవ్వి, గేరుది ఇప్పించారు. ఇప్పుడెక్కడ చేస్తున్నాడండీ?"

"అక్కడేనండీ" అన్నాను. అబద్ధం నా నాలుక మీద ఎప్పుడూ తయారుగానే ఉంటుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ నల్ల సైకిలే కొన్నాను. ఎక్కలేదు, ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాను. అమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది.

"మళ్లీ సైకిలేంటే?"

"తమ్ముడు అడిగింది ఇదేనమ్మా. నలుగురూ నవ్వుతారని ఆ గేరుది నేనే అంటగట్టాను. వాడు మొండికేయలేదు."

అమ్మ చేట పక్కన పెట్టింది. లేచి లోపలికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం ఇద్దరం మోకరించాం. రోజూ వాడి మొండితనం వచ్చే చోట అమ్మ ఆగిపోయింది. ఇప్పుడు నన్ను క్షమించమంటుందని ఎదురుచూశాను.

"ప్రభువా, ఇన్నేళ్లూ నా బిడ్డ మీద నీకు చాడీలు చెప్పాను. నన్ను క్షమించు" అంది.