చివరి స్టాపులో భోజనం

ఆమెకు ఇంటిపేరూ ఒంటిపేరూ రెండూ ఉన్నా, ఊళ్ళో సగం మందికి ఆమె కండక్టరమ్మే. మార్కెట్ స్టాపులో “ముందుకు జరగండి, ముందు బోలెడు చోటుంది” అని ఒక్క కేక వేసిందంటే లేని చోటు కూడా పుట్టుకొచ్చేదని ప్రయాణికులు నవ్వుకునేవారు. ఆ బస్సు నడిపేది ఆమె భర్తే. పెళ్ళికి ముందు ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణంతా ఈలతోనే. ఒక ఈల వేస్తే ఆపాలి, రెండు వేస్తే కదలాలి. “ఒకరోజు మూడు వేసింది. ఇదేంట్రా అని వెనక్కి తిరిగి చూశాను. అంతే, దొరికిపోయాను” అని అతను డిపోలో చెప్పుకునేవాడు.

ఇల్లు ఇరుకు, మనుషులు ఎక్కువ. అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు, చదువు కోసం వచ్చి ఉండిపోయిన మరిది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం తీరిగ్గా ఒక మాట అనుకోవాలంటే వంటింటి గుమ్మం దగ్గర ఎవరో ఒకరు అడ్డం ఉండేవారు. అందుకని వాళ్ళ కాపురం ముప్పాతిక వంతు బస్సులోనే జరిగింది. చివరి స్టాపు నీళ్ళ ట్యాంకు పక్కన. మధ్యాహ్నం అక్కడ జనమంతా దిగిపోయాక బస్సు కాసేపు ఆగేది. వెనక పొడుగు సీటు మీద కాగితం పరిచి క్యారేజీ విప్పేవారు. అతను నెమ్మదిగా, మాట్లాడకుండా తినేవాడు. ఆమె నోట్లో ముద్ద ఉండగానే ఊరందరి కబుర్లూ చెప్పేది. “మింగి మాట్లాడవే” అనేవాడు. “మింగేలోపు మర్చిపోతానండీ” అనేది.

ఆమెకు నలభై దాటాక, ఒకరోజు ముద్ద దిగలేదు. గొంతులో కాదు, ఇంకా కింద, రొమ్ము ఎముక వెనకాల ఆగిపోయింది. నీళ్ళు తాగితే జారింది. కొన్నాళ్ళకు నీళ్ళు కూడా ఆగడం మొదలైంది. ముద్ద మీద ముద్ద పేరుకుని, ఉన్నట్టుండి తిన్నది తిన్నట్టుగానే పైకి వచ్చేసేది. వికారం ఉండదు, కడుపునొప్పి ఉండదు. మూసిన తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చినట్టు వచ్చేసేది.

ఒక మధ్యాహ్నం అది అతని ముందే జరిగింది. సీటు మీద, అతని చొక్కా మీద పడింది. అతను ఏమీ అనలేదు. కాగితంతో తుడిచాడు, కుళాయి దగ్గర చొక్కా కడుక్కుని, తడి చొక్కాతోనే బండి తీశాడు. ఆ మౌనాన్ని ఆమె అసహ్యం అనుకుంది. మర్నాడు “ఆకలిగా లేదు, మీరు తినేయండి” అని దిగి ట్యాంకు చుట్టూ తిరిగొచ్చింది. ఆ మర్నాడూ అంతే. కిటికీలోంచి ఆమె వీపు చూస్తూ అతను కొన్ని రోజులు ఒక్కడే తిన్నాడు. తర్వాత అక్కడ క్యారేజీ విప్పడం మానేశాడు. డిపోకి తిరిగొచ్చాక షెడ్డులో మిగతా డ్రైవర్లతో కూర్చోవడం మొదలుపెట్టాడు. రోజంతా జనాన్ని జరగండి జరగండి అని అరిచే మనిషి, తన పక్కనుంచి మొగుడు జరిగిపోతుంటే ఒక్క మాట అనలేకపోయింది.

డాక్టర్లకు చూపించుకుంది. ఒకాయన గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన ఎండోస్కోపీ చేయించాడు. నోట్లోంచి గొట్టం వేసి కడుపుదాకా చూసి, “అంతా శుభ్రంగా ఉందమ్మా, పుండు లేదు, గడ్డ లేదు. మనసులో ఏదైనా పెట్టుకున్నారా?” అన్నాడు. ఆ మాట ఇంటికి వచ్చాక మరీ పెద్దదయింది. “ఏం దిగులే నీకు? మేమేం తక్కువ చేశాం?” అని అత్తగారు కళ్ళొత్తుకుంది. డ్రైవరు మాత్రం వారం గడిచాక, డ్యూటీ దిగుతూ అడిగాడు.

“నా మీద కోపమా?”

“కోపమైతే అరుస్తాను కదండీ.”

“అదే. అరవట్లేదనే అడుగుతున్నా.”

ఆమె టిక్కెట్ల సంచి సర్దుకుని దిగిపోయింది.

ఆకలి లేకపోతే ఏ బాధా ఉండేది కాదు. ఆకలి నిండుగా ఉండేది. టిక్కెట్లు కొడుతూ కొడుతూ, ఒడిలో పొట్లం విప్పుకున్న ముసలాయన దగ్గర ఆగిపోయేది. ఆయన ఇంత ముక్క తుంచి నోట్లో వేసుకుని, కిటికీ బయటికి చూస్తూ ఏదో ఆలోచిస్తూ మింగేసేవాడు. ఎంత ధీమాగా మింగుతున్నాడో అనుకునేది. ఆ గుటక మీద ఆమెకు పుట్టిన ఆశ, పడుచుతనంలో చీరల మీదా నగల మీదా కూడా పుట్టలేదు. ఇంట్లో అందరూ కంచాల ముందు కూర్చుంటే తను వడ్డించి, తర్వాత తింటానని చెప్పి, పెరట్లోకి వెళ్ళి గంజిలాంటిది నిలబడి తాగేది. నిలబడితే కాస్త దిగేది. యూనిఫాం వదులై, బెల్టుకి కొత్త కన్నాలు పడ్డాయి.

ఒకరోజు రెండో ఈల రాలేదు. డ్రైవరు అద్దంలో చూశాడు. ఆమె కడ్డీ పట్టుకుని వేలాడుతోంది, ఈల పెదవుల మధ్యే ఉంది, ఊదే ఊపిరి లేదు. అతను ఇంజను ఆపి, తన తలుపులోంచి దూకి, చుట్టూ తిరిగి వచ్చి ఆమెను రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు. “మరి మా సంగతేంటయ్యా?” అని ఎవరో అరిచారు. వెనుదిరిగి కూడా చూడకుండా ఆటో ఎక్కాడు. నడిరోడ్డు మీద బస్సు వదిలేసినందుకు తర్వాత మెమో ఇచ్చారు. ఆ కాగితం అతను చదవను కూడా లేదు.

పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరమ్మ చిన్న వయసుది. పాత రిపోర్టు పక్కన పెట్టి, ముక్కులోంచి సన్నటి గొట్టం వేయించి, గుక్క గుక్కగా నీళ్ళు తాగించింది. నీళ్ళు దిగుతుంటే లోపలి బిగువులన్నీ తెర మీద రంగులై కదిలాయి.

“ఇది మనసు జబ్బు కాదమ్మా. ఆహారం కడుపులోకి దిగే చోట ఒక కండరం ఉంటుంది. మింగినప్పుడల్లా అది తెరుచుకోవాలి. మీకు బిగుసుకుపోయి ఉండిపోతోంది. మొదట్లో మామూలు ఎండోస్కోపీలో ఇది ఒక్కోసారి దొరకదు.”

కండక్టరమ్మ ఆ తెర వంక చూసింది. “అంటే, లోపల కండక్టరు డోరు తీయట్లేదన్నమాట” అంది. నవ్వబోయి ఏడ్చేసింది. తనకు నిజంగా ఒక జబ్బు ఉందని తెలిసి ఏడ్చినంత హాయిగా ఆమె ఎప్పుడూ ఏడవలేదు. గోడవార నిలబడ్డ డ్రైవరు టోపీ తీసి చేతిలో నలుపుతూ ఉండిపోయాడు.

ఈ జబ్బుకు ఆ ఆసుపత్రిలో ఒక పరిశోధన జరుగుతోంది. డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. దారులు రెండు. ఎండోస్కోపీ సాయంతో బిగుసుకున్న చోట బెలూన్ పెట్టి ఉబ్బించి కండరాన్ని సాగదీయడం ఒకటి. అదే ఎండోస్కోపీ గొట్టంలోంచి సన్నటి కత్తి పంపి కండరాన్ని లోపల్నుంచే కోయడం రెండోది.

“ఏది మంచిది?” అని అడిగింది కండక్టరమ్మ.

“తెలీదమ్మా. అది తెలుసుకోవడానికే ఈ పరిశోధన. ఎవరికి ఏది చేయాలో మేం ఎంచుకోం, కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది. తర్వాత మిమ్మల్ని ఏళ్ళ తరబడి పిలుస్తాం, ఫోన్ చేస్తాం, ఎలా మింగుతున్నారో అడుగుతాం. వద్దనుకుంటే ఎప్పుడైనా మానేయొచ్చు.”

“మీరు నేర్చుకోవడానికి మా మనిషే దొరికిందా?” అన్నాడు డ్రైవరు. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువుంది.

“ఆగండి. తెలీదు అని చెప్పిన డాక్టర్ని ఇప్పుడే చూస్తున్నా. ఇన్నాళ్ళూ అన్నీ తెలిసినవాళ్ళే కదా చూశారు” అంది ఆమె. సంతకం పెట్టింది.

కోసే పద్ధతే రావాలని లోలోపల కోరుకుంది. ఒక్కసారి కోసేస్తే పీడా పోతుందని. బెలూన్ వచ్చింది.

అది చేసిన రోజు మత్తు దిగాక, లోపలేమీ చిరగలేదని ఎక్స్‌రేలో చూసుకుని, సాయంత్రం ఒక నర్సు నీళ్ళ గ్లాసు ఇచ్చింది. ఈ నర్సు ఆ పరిశోధనకే పనిచేసేది, తర్వాత ఫోన్లు చేసిందీ ఆవిడే. కండక్టరమ్మ ఒక గుక్క తాగి అలవాటుగా ఆగింది. గుండెల వెనకాల బరువు కోసం ఎదురుచూసింది. రాలేదు. నీళ్ళు చల్లగా, ఎక్కడా నిలబడకుండా, కడుపులోకి వెళ్ళిపోయాయి. గ్లాసు ఖాళీ చేసింది. డ్రైవరు దగ్గరికొచ్చి ఆ గ్లాసు తీసుకుని, మళ్ళీ నింపి, మళ్ళీ ఆమె చేతికిచ్చాడు. ఆమె తాగుతున్నంతసేపూ అతని గొంతు కూడా కదులుతూనే ఉంది.

సెలవు ముగిసి డ్యూటీకి వెళ్ళేసరికి డిపోలో కొత్త బస్సులు దిగి ఉన్నాయి. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, టిక్కెట్టు డ్రైవరే ఇస్తాడు, కండక్టరు అక్కర్లేదు. ఆమెను విచారణ కౌంటరులో కూర్చోబెట్టారు. అద్దం వెనక కూర్చుని, ఏ బస్సు ఎన్నింటికో చెప్పడం పని. కౌంటరులో మైకు ఉంది. “నాకెందుకండీ మైకు?” అంది మొదటిరోజు. నిజంగానే అవసరం రాలేదు.

ఇప్పుడు ఇంట్లో అందరితో కలిసి తింటోంది. అత్తగారు కొసరి కొసరి వడ్డించింది, పిల్లలు తల్లి కంచం వైపే చూస్తూ తిన్నారు. ఆమెకు సంతోషంగానే ఉంది. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి కౌంటరులో మనసు నిలిచేది కాదు. ఇప్పుడు ట్యాంకు దగ్గర తిరిగి ఉంటాడు, ఇప్పుడు ఇంజను ఆపి ఉంటాడు, అనుకునేది. మింగలేని రోజుల్లో ఆ సీటు ఉంది, మనిషీ ఉన్నాడు, తనే దిగిపోయింది. మింగగలిగే రోజు వచ్చేసరికి సీటే లేదు. ఈ సంగతి ఎవరికి చెప్పాలి? చెబితే, బతికి బయటపడ్డావు, ఇంకేం కావాలి అంటారు.

ఒక సెలవురోజున ఉండబట్టలేక క్యారేజీ సర్దుకుని, అందరిలాగే అతని బస్సెక్కింది. డ్రైవరు టిక్కెట్టు ఇస్తూ మొహం చూశాడు.

“ఎక్కడికి?”

“చివరిదాకా.”

చివరి స్టాపులో జనం దిగిపోయారు. కొత్త బస్సులో పొడుగు సీటు లేదు. పక్కపక్క సీట్లలో, మోకాళ్ళ మీద గిన్నెలు పెట్టుకుని కూర్చున్నారు. నాలుగు ముద్దలు హాయిగా దిగాయి. ఆమె ఏదో కబురు మొదలుపెట్టింది. అయిదో ముద్ద ఆగింది.

ఆ ఆగడం ఆమెకు బాగా తెలుసు. లేచి దిగిపోబోయింది. అతను చెయ్యి పట్టుకున్నాడు.

“ఎక్కడికెళ్తావు? కూర్చో.”

“వచ్చేస్తుందండీ, మీ మీద పడుతుంది.”

“పడనీ. ఆ రోజు కూడా పడింది, కడుక్కున్నాను. దానికి నువ్వు దిగిపోయావు. నేనేం తప్పు చేశానా అని ఎన్నాళ్ళు ఆలోచించానో తెలుసా?”

“మీరొక్క మాటన్నా అనలేదు.”

“ఏమనాలో తెలిస్తే కదా.”

అతను ఖాళీ గిన్నె ఆమె గడ్డం కింద పట్టుకున్నాడు. ఇంకో చెయ్యి వీపు మీద వేశాడు. బయటికి వచ్చిందంతా వచ్చాక, ఇద్దరూ అలాగే కూర్చున్నారు. బస్సు బయలుదేరాల్సిన వేళ దాటిపోయింది. తలుపు బయట జనం అద్దం మీద కొడుతున్నారు.

మళ్ళీ బెలూన్ చేశారు. కొంతకాలం బాగుంది, మళ్ళీ బిగుసుకుంది. ప్రతి రాకలోనూ తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీసేవారు. నర్సు ఫోన్ చేసి, ముద్ద ఆగుతోందా, నొప్పి ఉందా, బరువెంత, అని ఓపిగ్గా అడిగేది. చివరికి ఒకరోజు పరిశోధనలో ఉన్నవాళ్ళందర్నీ పిలిచి, తేలిన సంగతి డాక్టరమ్మ చెప్పింది. తమ ఆసుపత్రిలో చూసినంతవరకు, కోయించుకున్నవాళ్ళలో, బెలూన్ వాళ్ళకన్నా ఎక్కువమందికి గుణం నిలిచింది. కాకపోతే వాళ్ళకు ఛాతీలో మంట ఎక్కువ.

కండక్టరమ్మ వెనక వరుసలో కూర్చుని విన్నది. ఆ చీటీ ఇంకోలా పడి ఉంటే, అనుకుంది. సగం తిని లేచిపోయిన భోజనాలు, పిల్లల పుట్టినరోజులకు నిలబడి తాగిన గంజి, అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. బయట డాక్టరమ్మ ఎదురైంది.

“మీకు బాధగా ఉండొచ్చమ్మా.”

“ఉంది” అంది ఆమె. “ముందే తెలిసుంటే బాగుండునని ఉంది. మా బోటివాళ్ళం అందరం మింగి చూస్తేనేగా తెలిసింది మరి.” “నాక్కూడా కోస్తారా?” అంది.

కోశారు. ఇప్పుడు అన్నం దిగుతుంది. పెద్ద ముద్దయితే నీళ్ళ సాయం కావాలి. మంటకు మాత్ర వేసుకుంటుంది, ఎత్తు దిండు మీద పడుకుంటుంది. డ్రైవరు రిటైరయ్యాడు. అత్తగారు కాలం చేసింది, ఆడపిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళారు, మరిది వేరే ఇల్లు చూసుకున్నాడు. ఇల్లు ఇప్పుడు విశాలంగానే ఉంది, మాట్లాడుకోవడానికి అడ్డం ఎవరూ లేరు. అయినా వెళ్ళిపోయిన ఆ ఏళ్ళ కోసం ఆమె మనసు లాగుతుంది. ఒక్కోసారి ముద్ద చేతిలో పట్టుకుని ఎటో చూస్తూ ఉండిపోతుంది. ఆగిందా, అని అతను కంగారు పడతాడు. లేదు లేదు, అంటుంది.

ఇటీవల నర్సు ఆఖరిసారి ఫోన్ చేసింది. అడగాల్సినవన్నీ అడిగి, “పరిశోధన ముగిసిందమ్మా, ఇంక ఫోన్లు రావు. మీరు ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?” అంది.

కండక్టరమ్మకు చెప్పాలనిపించింది చాలా ఉంది. ఏదీ ఆ ప్రశ్నలకు అందేది కాదు. “మీరు బాగా తింటున్నారా అమ్మా?” అని మాత్రం అడిగింది.

అవతల నర్సు నవ్వింది. డ్యూటీ హడావిడిలో మధ్యాహ్నం భోజనం చేయలేదని చెప్పింది.

“ముందు వెళ్ళి తినండి. ఎవరితోనైనా కలిసి కూర్చుని తినండి” అంది కండక్టరమ్మ. పెట్టేశాక కూడా ఫోను కాసేపు చెవి దగ్గరే ఉంచుకుంది.