మా అత్తమ్మ డబ్బా మొక్కలు

పోయిన వారం ఆత్మకూరులో నెల్లూరు బస్సెక్కితే, నా పక్కన కాలేజీ పిల్ల ఒకతి వచ్చి కూర్చుంది. ఒళ్ళో పాలిథిన్ కవరు, అందులో జానెడు క్రోటన్ కొమ్మ, కింద తడిగుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా ఆ పిల్ల తన తల సంగతి మానేసి ఆకుల మీద చెయ్యి అడ్డం పెట్టేది. ఎక్కడిదని అడిగాను. "మా ఫ్రెండు వాళ్ళింట్లో ఉండాది ఆంటీ, అడిగితే ఇరిచిచ్చింది. బతుకుతాదంటారా?" అంది. బతుకుతుందని చెప్పాను. చెప్పినప్పుడు నా గొంతులో పలికింది నేను కాదు, మా అత్తమ్మ. ఆమె పోయి నాలుగేళ్ళు దాటింది కానీ మొక్కల విషయం వచ్చేసరికి ఇప్పటికీ ఆమే ముందు మాట్లాడుతుంది.

మా అత్తమ్మ ఉదయగిరిలో ఎలిమెంటరీ స్కూలు టీచరు. దుర్గం కొండ కిందే ఇల్లు. పెరడంటే పేరుకే పెరడు, గడ్డపార వేస్తే టంగుమని మోగే నేల. అందుకని ఆమె తోట మొత్తం డబ్బాల్లోనే ఉండేది. డాల్డా డబ్బాలు, పెయింటు డబ్బాలు, అడుగు పోయిన బకెట్లు, పక్కింటివాళ్ళు పారేసిన సిమెంటు తొట్టి, చివరికి మూత పోయిన ప్రెషర్ కుక్కరు కూడా. గోడ పొడవునా, మెట్ల మీద, స్నానాలగది కప్పు మీద, ఎక్కడ చూసినా అవే. కొత్త కోడలిగా వెళ్ళిన నేను మొదటిరోజు పొద్దున్నే ముఖం కడుక్కుందామని మగ్గు అనుకుని తీసినదాంట్లో గడ్డిగులాబీ ఉంది. కొందరు స్టాంపులు దాస్తారు, కొందరు పాత నాణేలు దాస్తారు, మా అత్తమ్మ కొమ్మలు దాచేది. ఈ సేకరణకి ఆమె పెట్టుకున్న నియమం ఒకటే, కొనకూడదు. "దుడ్లుంటే ఎవురైనా కొంటారు మే. అడిగి తెచ్చుకోవాల" అనేది. ఆమె హ్యాండుబ్యాగులో ఎప్పుడూ ఒక బ్లేడు, ఒక తడి చేతిరుమాలు ఉండేవి. పెళ్ళికి వెళితే పెళ్ళికూతురిని ఒకసారి చూసి, ఆ ఇంటివాళ్ళ పూలకుండీలను రెండుసార్లు చూసేది. ఎవరినైనా పరామర్శించడానికి వెళ్ళినా లేచేటప్పుడు, "ఆ గడప పక్కన ఉండేది డేలియానా?" అని మెల్లగా అడిగేది.

తెచ్చిన ప్రతి మొక్కకీ ఇచ్చినవాళ్ళ పేరే పెట్టేది. పాస్టరమ్మ గులాబీ, కండక్టరు కోలియస్, దుత్తలూరు వియ్యపురాలి చామంతి. అసలు పేర్లు ఆమెకు తెలియవని కాదు, ఎందుకో అవి నోట్లోంచి వచ్చేవి కావు. ఇంట్లో మాటలు వినే కొత్తవాళ్ళు కంగారు పడేవారు. "పాస్టరమ్మకు చీడ పట్టింది, కండక్టరుకు తల తుంచాల" అని ఆమె అంటుంటే ఒకసారి వచ్చిన చుట్టం ఒకాయన కాఫీ గ్లాసు అట్లాగే పట్టుకుని ఉండిపోయాడు. ఈ మొక్కల మీద మా మామయ్య రోజంతా విసుక్కుంటూ ఉండేవాడు. "నాకు తాగేదానికి చెంబు నీళ్ళంటే ఆలోచిస్తాది, వాటికైతే బిందె ఒంచుతాది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. కానీ కొత్త డబ్బా దొరికితే మేకు, సుత్తి తీసుకుని కింద చిల్లులు కొట్టేది ఆయనే. చిల్లులు సమంగా లేకపోతే మళ్ళీ కొట్టేవాడు.

మాది చేజర్ల. వరి పొలాల మధ్య పుట్టినదాన్ని, మా ఊళ్ళో మొక్కలు వాటంతట అవే పెరిగేవి. మొక్కను పట్టుకుని ఇంత హడావిడి చేయాలని నాకు తెలియదు. మొదటి ఏడాదంతా అత్తమ్మను దూరంనుంచి చూసి లోపల నవ్వుకునేదాన్ని. ఆ మరుసటి ఎండాకాలం నవ్వే పరిస్థితి లేకుండా పోయింది. అయిదో నెలలో నా కడుపు పోయింది. ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చాక గోడవైపు తిరిగి పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఉండిపోయాను. చర్చి స్త్రీల సమాజంవాళ్ళు వచ్చి ప్రార్థన చేశారు, దేవుడి చిత్తమన్నారు, చిన్నదానివే ఇంకా కాలం ఉందన్నారు. అందరూ మంచిమనసుతోనే అన్నారు, కానీ ప్రతి మాటా వెళ్ళి ఒకే చోట తగిలేది. మా ఆయన కరెంటాఫీసునుంచి వచ్చి మంచం పక్కన కూర్చుని ఫ్యాను వేగం పెంచేవాడు, తగ్గించేవాడు. అత్తమ్మ మాత్రం ఆ విషయం ఎత్తలేదు. వేళకు అన్నం పెట్టేది, జుట్టు దువ్వి జడ వేసేది. ఈమెకు నొప్పి తెలియదేమో అని నాకు లోలోపల కోపంగా కూడా ఉండేది.

అదే ఎండాకాలం ఉదయగిరిలో నీళ్ళు అయిపోయాయి. బావి అడుగున బండ కనిపించింది, వీధి బోరు గాలి కక్కింది. పంచాయతీ ట్యాంకరు వస్తే వీధి మొత్తం బిందెలతో పరుగెత్తేది, దొరికినవి వంటకీ తాగడానికే చాలేవి కావు. మనుషులు ట్యాంకరు దగ్గర కొట్లాడుతుంటే మొక్కలకు పోయడం తప్పని అత్తమ్మే అంది. మెట్లమీద మొక్కలు ముందు వాడిపోయాయి. పాస్టరమ్మ గులాబీ ఎండుపుల్లైంది. ఒకరోజు పొద్దున ఆమె నా గదిలోకి వచ్చి మంచం దగ్గర నిలబడింది.

"ఏమ్మే, రేపు ఆత్మకూరు పోవాల. బావులుండే ఇండ్లల్లో వీటిని పెట్టొస్తాను, వానలు పడేదాకా. నాకు చూస్తే రెండు చేతులే ఉండాయి."

నావల్ల కాదన్నాను.

"మొయ్యొద్దులే. ఒళ్ళో పెట్టుకోని కూచో, చాలు."

మరునాడు బస్సులో నా ఒళ్ళో డాల్డా డబ్బా, అందులో కనకాంబరం. అత్తమ్మ కాళ్ళ దగ్గర గోనెసంచి మీద డబ్బాల వరస. కండక్టరు ఆమె దగ్గర చదువుకున్నవాడే. ఆ రూట్లో సగంమంది కండక్టర్లు ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే. "టీచరమ్మా, బస్సు నిండా తోటే ఉండాదే. లగేజీ కొట్టాల" అన్నాడు. ఆమె తలెత్తి చూసింది. "అయిదేండ్లు నిండనోళ్ళకి టికెట్టు యాడుండాది నాయనా? కిందుండేవాటికి కొట్టుకో. ఆ పిల్ల ఒళ్ళో ఉండేదానికి మాత్రం ఎట్టా కొడతావు?" అంది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వానని తెలిసి నాకే విచిత్రంగా అనిపించింది, మరుక్షణం ఏడుపు వచ్చింది. తల వంచుకుని కనకాంబరం ఆకులు సర్దుతూ కూర్చున్నాను.

ఊరు దాటాక అత్తమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. "నాకూ ఇద్దురు పోయినారు మే, మీ ఆయన కంటే ముందు. రెండోసారి ఆస్పత్రిలో నర్సమ్మ ఒకామె కిటికీలో ఉండే క్రోటన్ ఇరిచి చేతిలో పెట్టింది. నోటిమాట చెప్పలా. ఇంటికి తెచ్చి గుచ్చినాను. పొద్దున లేస్తే దానికి నీళ్ళు పొయ్యాల గదా. దానికోసం లేసినాను." తర్వాత కాసేపటికి, "ఆ డబ్బా కొంచెం ఎండలోంచి పక్కకి జరుపు" అంది. అంతే. మళ్ళీ తన జీవితంలో ఆ మాట నా దగ్గర ఎత్తలేదు. నేను డబ్బా జరిపాను.

ఆత్మకూరులో మేము మొదట దిగింది ఒక హోల్‌సేల్ కిరాణా షావుకారుగారి ఇంట్లో. ముందు అంగడి, వెనక ఇల్లు, ఇంటి వెనక నీళ్ళున్న బావి. షావుకారుగారి భార్య అత్తమ్మకు ఏదో పెళ్ళిలో పరిచయం, అదీ మొక్కల దగ్గరే అయ్యుంటుంది. ఆమె డబ్బాల వంక అనుమానంగా చూసి, "చచ్చిపోతే నన్ననగూడదు" అంది. అన్నదే కానీ మేము మజ్జిగ తాగి లేచేసరికి వాటిని నీడలోకి చేర్పించి, పనిమనిషికి జాగ్రత్తలు కూడా చెప్పేసింది. అక్కడినుంచి మరో రెండిళ్ళు తిరిగి, సాయంత్రానికి చేజర్లలో మా పుట్టింటికి చేరాము. మా నాయన డబ్బాలన్నీ దించి బోరు కాలువ పక్కన వరసగా పెట్టాడు. మా అమ్మ నన్ను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరునాడు అత్తమ్మ ఒక్కతే బయలుదేరింది. వెళ్ళేముందు మా అమ్మతో, "వదినా, ఈ పిల్లని గూడా నాలుగు రోజులు నీళ్ళ దగ్గిర ఉంచుకోండి" అంది. నాతో, "తెల్లారక ముందే నీళ్ళు పొయ్యి. ఎండెక్కినాక పోస్తే యేర్లు ఉడికిపోతాయి" అని చెప్పి బస్సెక్కింది. నాలుగు రోజులన్నది నెలన్నర అయింది. నేను చీకటితో లేచి కాలువలో చెంబు ముంచి ఒక్కొక్క డబ్బాకి పోసేదాన్ని. మొదట ఆమెకు భయపడి పోశాను. తర్వాత ఒకరోజు, చచ్చిందనుకున్న దుత్తలూరు వియ్యపురాలి చామంతి మొదలు దగ్గర ఆవగింజంత పచ్చ కనిపించింది. అది రేపటికి ఏమవుతుందో చూడాలనిపించింది. రేపటి గురించి నాకేదో అనిపించడం చాలాకాలం తర్వాత అదే. మా ఆయన ఆదివారాలు గుడిలో ఆరాధన అయ్యాక బస్సులో వచ్చేవాడు. మాకిద్దరికీ మాటలు కరువైన రోజుల్లో మొక్కలే మాట అయ్యాయి. "ఇది పెరిగినట్టుంది" అనేవాడు. "అది కాదు, ఇది" అనేదాన్ని. అట్లా మొదలై మెల్లగా మిగతా మాటలు కూడా వచ్చాయి. ఒక ఆదివారం కాలువ గట్టున కూర్చుని ఇద్దరం కలిసి ఏడ్చాము. అంతకుముందు విడివిడిగానే ఏడ్చాము.

వానలు పడ్డాక అత్తమ్మ వచ్చింది. మొక్కల దగ్గరికి వెళ్ళకుండా ముందు నా దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసింది. "వస్తావా, ఇంకొన్నాళ్ళుంటావా? నీ ఇష్టం" అంది. వస్తానన్నాను.

తిరుగుదారిలో ఆత్మకూరులో దిగితే షావుకారమ్మ మమ్మల్ని వెనక్కి తీసుకుపోయి చూపించింది. మేము పెట్టిపోయినవాటిలో ఒక క్రోటన్ డబ్బా తుప్పుపట్టి పగిలితే, ఆమె దాన్ని బావి పక్కన నేలలో పెట్టించింది. అది గుబురుగా చిగుళ్ళేసి ఎర్రగా పసుప్పచ్చగా మండుతూ ఉంది. "మా వీధిలో అందరూ దీన్ని ఉదయగిరి టీచరమ్మ చెట్టంటారు" అని చెప్పి, "పెరికితే ఒప్పుకోను" అంది. నెలన్నరగా డబ్బాలకు కాపలా కాసినదాన్ని కదా, నాకు ఒళ్ళు మండింది. మనది మనం తీసుకుపోవాలి కదా అత్తమ్మా అన్నాను, షావుకారమ్మ వినేట్టుగానే. అత్తమ్మ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, బ్లేడుతో ఒక్క కొమ్మ కోసి చేతిరుమాల్లో చుట్టుకుంది. "దాని యేర్లు ఈడ దిగినాయి మే. పెరికితే మనకీ దక్కదు, ఈమెకీ దక్కదు. కొమ్మ చాల్లే" అంది. షావుకారమ్మ ఏమనుకుందో, మేము వద్దంటున్నా తన పెరట్లో ఉన్న ప్రతి రకంలోంచీ ఒక్కో కొమ్మ విరిచి సంచిలో పెట్టింది. మిగతా ఇళ్ళల్లోనూ దాదాపు అదే జరిగింది. ఇచ్చినదానికంటే ఎక్కువ తెచ్చుకున్నాము.

ఉదయగిరిలో ఇల్లు చేరేసరికి మామయ్య వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన, ఎవరికీ ఇవ్వకుండా అత్తమ్మ ఇంట్లోనే ఉంచుకున్న నర్సమ్మ క్రోటన్, ఆకు రాలకుండా ఉంది. ఆ కరువులో దానికి నీళ్ళెక్కడివని నేను అడిగాను. "నేను స్నానం మానేసినా. ఎవురన్నా కనుక్కున్యారా?" అన్నాడాయన. అది నిజమేనని ఎదురింటామె తర్వాత చెప్పింది.

మరుసటి సంవత్సరం మా పెద్దాడు పుట్టాడు, వాడి వెనక పాప. డబ్బాల మధ్యే ఇద్దరూ నడక నేర్చారు. అత్తమ్మ రిటైరయ్యాక తోట నా చేతికి వచ్చింది, ఇచ్చానని ఆమె అనలేదు, తీసుకున్నానని నేనూ అనలేదు. చివరి రోజుల్లో మంచంలోనుంచే, కిటికీ దగ్గర నిలబడ్డ నన్ను, "చిగురేసిందా?" అని అడిగేది. ఏ మొక్క అని అడిగితే, "ఏదోకటి ఏసుంటాదిలే" అనేది. నిజంగానే ఏదో ఒకటి వేసే ఉండేది.

నా స్నేహితురాళ్ళు అత్తల గురించి చెప్పుకునేటప్పుడు నేను మాట కలపలేక ఊరుకునేదాన్ని. ఆమె నన్ను ఎన్నడూ ఓదార్చలేదు. ఒళ్ళో బరువు పెట్టి కూర్చోబెట్టింది. ఎందుకో అప్పుడు తెలియలేదు, తెలిసేనాటికి కృతజ్ఞత చెప్పుకోవలసిన మనిషి చెవి మందగించి ఉంది. గట్టిగా చెబితే, "నీళ్ళు పోసినావా?" అంది. పోశానన్నాను. ఎప్పటికీ గడవదనుకున్న ఆ ఎండాకాలం ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే గుప్పెడంతే కనిపిస్తుంది. దాని తర్వాత పడ్డ వానలే ఇన్నేళ్ళుగా ఆగకుండా కురుస్తున్నట్టుంటుంది.