కామాక్షమ్మ గారు నేర్పిన భయం

నిన్న హైవే పక్కన బానెట్ ఎత్తిపెట్టిన కారు ఒకటి కనబడి మా ఆయన ఎర్రయ్య మా బండి వేగం తగ్గించాడు. కిటికీలోంచి వేడి ఆవిరితో పాటు ఒక తీయటి వాసన లోపలికి వచ్చింది. బెల్లం పాకం మాడబోయే ముందు అలాంటి వాసనే వస్తుంది. ఇంజిన్ చల్లబరిచే కూలెంట్ వాసన అది. అది తగిలితే నాకు ఇప్పటికీ భయమే. ముందు డాష్‌బోర్డు వైపు చూసి, ఎర్ర దీపం వెలగలేదని నమ్మకం కుదిరాక ఊపిరి తీసుకుంటాను. ఆ తరువాత కామాక్షమ్మ గారు గుర్తుకొస్తారు.

నరసన్నపేటలో మోటారు స్పేర్ పార్టుల దుకాణం ఆమెది. భర్త పోయాక గల్లా ముందు తానే కూర్చున్నారు. సన్నటి మనిషి, జుట్టుముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు. ఏ డబ్బా అమ్మినా దాని మీద రాసింది పైకి చదివి గానీ చేతికిచ్చేవారు కాదు. కొనేవాళ్ళు విసుక్కునేవారు. ఆమె భర్త బతికుండగా ఒకసారి పరధ్యానంలో బ్రేక్ ఆయిల్‌కు బదులు ఇంకేదో ఇచ్చారట, ఆ బండి నడిపినవాడు చావు తప్పి బయటపడ్డాడట. అప్పటినుంచీ ఆమెకు ఆ భయం పట్టుకుంది. మాది చేపల బతుకు. మొదటిసారి నేను వెళ్ళి, ఒంటి మీద నీచువాసన కదా అని మెట్టు కిందే నిలబడ్డాను. ఆమె ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. "లోపలికి రావే. ఈ గ్రీజు కంపు ముందు నీ సేపల కంపు ఏపాటిది?" అన్నారు.

అప్పటికి నాకు అక్షరం రాదు. మా తీరంలో రంగులే చదువు. ఏ వల ఎవరిదో నీళ్ళ మీద తేలే దాని బెండ్ల రంగు చెబుతుంది, ఏ పడవ ఎవరిదో దాని ముక్కుకు వేసిన రంగు చెబుతుంది. ఎర్రయ్యకు భుజం పట్టేసి వల లాగలేకపోయాక పడవ అమ్మి, ఒకరు వాడిన కారు కొన్నాం. కిరాయిలకు తిప్పేవాడు. మా ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ ఇంజిన్ తిరగాలి. అందులో నీళ్ళు తగ్గినప్పుడల్లా మా ఊరి బోరునీళ్ళు పోసేవాడు. పడవ ఇంజిన్ సముద్రపు నీళ్ళతోనే చల్లబడుతుంది కాబట్టి, కారుకు ఇంతకంటే మర్యాద ఏముంటుందని అతని లెక్క.

ఒక మధ్యాహ్నం ఎండుచేపల మూటలతో బొబ్బిలి సంతకు బయలుదేరాం. శ్రీకాకుళం చేరకముందే ఎర్ర దీపం వెలిగింది. ఆ కారులో వేడి చూపించే ముల్లు లేదు. ప్రమాదం నెత్తి మీదికి వచ్చాకే దీపం వెలుగుతుంది. ఎర్రయ్య బండి ఆపి, తువ్వాలు పట్టుకుని రేడియేటరు మూత తీయబోయాడు. లోపల బుసబుసమంటోంది. నేను అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. చల్లారాక చూస్తే ఇటుకపొడి కలిపినట్టున్న నీళ్ళు. దారినపోయే మెకానిక్ ఒకడు తొంగి చూసి, లోపల తుప్పు పట్టేసిందనీ, ఇంకోసారి ఇలా కాగితే ఇంజిన్ మీద ఆశ వదులుకోమనీ చెప్పాడు. ఆగుతూ, చల్లారుస్తూ నరసన్నపేటకు తిరిగొచ్చాం. 

దుకాణంలో నేను ఆకుపచ్చ కూలెంట్ ఇమ్మన్నాను. మా ఊరి జీపులో పోసేది అదే.

"రంగు కంపెనీవోడు కలుపుతాడే," అన్నారు కామాక్షమ్మ గారు. "ఒకడు పచ్చది, ఒకడు గులాబీది. లోపల మందు ఏటో రంగు సెప్పదు."

ఎర్రయ్యకు కోపం వచ్చింది. "సముద్రం నీల్లు తాగి నా పడవ ఇంజిను అన్నేల్లు బతికింది. దీనికి మంచినీల్లే కదా పోసేను?"

"పడవ ఇంజిను తాగిన నీళ్ళు ఉమ్మేస్తాది నాయనా. కారు అవే నీళ్ళు తిప్పి తిప్పి తాగుతాది. మీ బోరునీళ్ళలో ఉప్పు ఎక్కడికి పోతాది?"

అతను తల గోక్కుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె మా కారుతో వచ్చిన పుస్తకం తెప్పించి, ఏ రకం పోయాలో వెతికి, ఆ మాటల కింద పెన్సిలుతో గీత గీశారు. డబ్బాలు నా ముందు పెట్టి, ఆ మాటలు దేని మీద ఉన్నాయో చూడమన్నారు. చదువు రాదన్నాను. బొమ్మలనుకుని పోల్చుకోమన్నారు. ఒక్కో డబ్బా మీద వేలు పెట్టి పోల్చాను. ఏ డబ్బా మీదా ఆ మాటలు లేవు. దగ్గరగా ఉన్నది ఒకటి ఇచ్చేయమని బతిమాలాను. ఆమె ఒప్పుకోలేదు. సరైనది శ్రీకాకుళం నుంచి తెప్పించేదాకా కారు పక్క షెడ్డులోనే పడి ఉంది. అన్నాళ్ళూ మా కిరాయిలు ఆగిపోయాయి.

మార్చేటప్పుడు ఆమె స్టూలు వేసుకుని షెడ్డులోనే కూర్చున్నారు. మెకానిక్ ఇంజిన్ చల్లగా ఉండగా పాత నీళ్ళు దింపి, బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్ళతో తేటగా వచ్చేదాకా కడిగాడు. కొత్తది నీళ్ళు కలిపి తయారుగా వచ్చే రకం. అందులో చుక్క కూడా కలపనివ్వలేదు ఆమె. ఒలికిన కూలెంట్ కూడా తుడిపించారు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకి చస్తాయట. ఇంజిన్ ఆన్ చేసి, గాలి బుడగలు పోయేదాకా ఉంచారు. నేను ముందు సీట్లో కూర్చుని వెలగని దీపాన్ని చూస్తున్నాను. రెప్ప వేస్తే వెలుగుతుందేమోనని భయం. ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. దీపం వెలగలేదు.

"ఇంక బయం లేదా అమ్మా?" అన్నాను.

"ఎందుకుండదే? రేపు పొద్దున్న సల్లగా ఉన్నప్పుడు కూలెంటు తొట్టి మీద గీతల మధ్య ఉందో లేదో సూడు. ఎల్లుండీ సూడు. బయం ఉన్నోళ్ళే మూత తీసే ముందు ఆగుతారు."

ఆ ఇంజిన్ నిలబడింది. ఆ తరువాత మధ్యాహ్నాలు దుకాణం మెట్టెక్కి, డబ్బాల మీది మాటలతోనే నేను అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు ముందు, ఇంగ్లీషు తరువాత. ఆమె పోయే నాటికి కూడబలుక్కుని చదవగలిగేదాన్ని.

ఇప్పుడు మా వీధి ఆడవాళ్ళు మాత్రలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. తెల్లది పొద్దున్న, గులాబీది రాత్రి అని వాళ్ళ గుర్తు. మొన్న పోలమ్మత్త రెండు మందుల అట్టలు తెచ్చింది. రెండింట్లోనూ గులాబీ మాత్రలే. "రెండూ ఒకటేనే నూకాలూ, పాతదయిపోతే ఇది మింగీమన్నారు," అంది. ఒకదాని మీది పేరు చదివాను. రెండోదాని మీద వేరే పేరు ఉన్నట్టు తోచింది. భయం పట్టుకుంది. అత్త నీళ్ళ గ్లాసు ఎత్తింది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఉండత్తా. ఇంకోపాలి సదవనీ."